తడి గరిటె

ఆవకాయ పెట్టే రోజున మా యింట్లో మాట చెల్లేది ఒక్క అక్కయ్యకే. తిరువళ్ళూరు బజారులో కాయ ఏరి తెచ్చేది మేము. తుడిచేదీ, కొట్టేదీ, ఆరబెట్టేదీ అందరమూ. కాని జాడీ మీద చేయి వేయవలెనంటే మాత్రం ఆమె సెలవు కావలసిందే. కిందటి వేసంగిలో మా చెల్లెలి కూతురు, పట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేసే పిల్ల, నాలుగు రోజులు ఉండిపోదామని మణవాళనగర్‌కు వచ్చింది. మూడోనాడు ఊట ఎట్లా ఉన్నదో చూద్దామని, అప్పుడే కడిగిన గరిటె పట్టుకొని జాడీ వాసెన విప్పింది. "తడి గరిటె!" అని అక్కయ్య వేసిన కేకకు పక్కింటి మామి కూడా గోడమీదుగా తొంగి చూచింది.

పిల్ల నవ్వుతుందనుకొన్నాము. నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, పీట మీద కూలబడి, "పెద్దమ్మా, నా ఆరు నెలల పని పోయింది కూడా ఇట్లాంటి తడివల్లనే" అన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగినవి. అవి ఆవపిండి ఘాటుకు వచ్చినవని అనుకొనేందుకు వీలు లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పినదీ, తరువాత మేము చదివి తెలిసికొన్నదీ కలిపి ఈ నెల మన పుటలో రాస్తున్నాము. విషయం కొంచెం గట్టిదే. అయితే బయాప్సీ అనే మాట చెవిన పడని ఇల్లు ఈ రోజులలో అరుదు. ఆసుపత్రిలో మన వంట్లోనుంచి తీసిన ముక్క ఏమవుతుంది, దానికి రంగులెందుకు వేస్తారు, ఆ రంగే ఒక్కొక్కప్పుడు దాన్ని ఎట్లా పాడుచేస్తుంది అన్నది మన కుటుంబాలకు పనికిరాని సంగతి కాదు.

మొదట గడ్డ సంగతి. కంతి అంటే అంతా ఒకే రకం పదార్థమని మనం అనుకొంటాము. అది ఒక ఊరు లాంటిది. అందులో చెడిన కణాలుంటవి, వాటి చుట్టూ మంచి కణాలుంటవి, రక్తనాళాలుంటవి, పోరాడడానికి వచ్చిన తెల్ల కణాలుంటవి, కొవ్వు, నార అన్నీ ఉంటవి. చెడిన కణం ఏమి ఆలోచిస్తున్నదో తెలియవలెనంటే ఆ ముక్కనంతా రోట్లో వేసి రుబ్బితే లాభం లేదు. మణవాళనగర్‌లో తెలుగువారు ఇళ్ళలో ఏమి మాట్లాడుకొంటారో తెలిసికోవాలని, సాయంకాలం ఆరింటికి పట్నం బండి దిగిన జనాన్నంతా ఒక్కసారిగా మాట్లాడమని వింటే ఏమి తెలుస్తుంది? అరవమూ తెలుగూ అమ్మకపు కేకలూ కలిసి ఒక హోరు వినబడుతుంది. మన మాట వినవలెనంటే మన వీధికి వచ్చి, మన గడప ముందు నిలబడవలె.

కణాల విషయంలో అట్లా గడప ముందు నిలబడే ఉపాయం 1996లో వచ్చింది. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో ఎమ్మర్ట్‌-బక్, లియోటా మొదలైనవారు ఆ సంవత్సరం దానిని ప్రకటించారు. కణజాలాన్ని తమలపాకుకంటె ఎన్నో రెట్లు పలుచగా తరిగి గాజుపలక మీద పరుస్తారు. మందం 8, 10 మైక్రానులు; మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులని తెలిస్తే పలుచదనం అర్థమవుతుంది. ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తూ, దాని మీద ఒక సన్నని ప్లాస్టిక్ పొరను ఆనించి, కావలసిన కణం మీదికి మాత్రం లేజరు కిరణాన్ని రెప్పపాటుకంటె తక్కువసేపు వదులుతారు. అక్కడ మాత్రం పొర కరిగి కణానికి అతుక్కుంటుంది. పొర ఎత్తితే ఆ కణాలే దానితోపాటు లేచి వస్తవి, మిగతావి పలక మీదనే ఉంటవి. తరువాత వచ్చిన యంత్రాలలో కొన్ని అతినీలలోహిత లేజరుతో కణం చుట్టూ గీత కోసి ముక్కను కింది గిన్నెలోకి రాలుస్తవి. జొన్నకంకిలోనుంచి పుచ్చిన గింజను సూదితో తీసినట్లన్నమాట, అయితే ఇక్కడ గింజ కంటికి కనబడదు.

కనబడదు అన్నామే, కథ అక్కడే ఉన్నది. జీవకణానికి రంగు లేదు. పలుచగా తరిగిన కణజాలం సూక్ష్మదర్శిని కింద వెన్నెలలో తడిగుడ్డలాగా ఉంటుంది. ఏది మంచిదో ఏది చెడ్డదో పోల్చుకోలేము. అందులోనూ మామూలుగా వైద్యులు చూచే పలక మీద జిగురు వేసి పైన పలుచని గాజు మూత అతికిస్తారు, దానితో బొమ్మ తేటగా కనబడుతుంది. లేజరు పనికి ఆ మూత పనికిరాదు. పొడిగా, ఉత్తినే ఉన్న ముక్కను చూడవలె; అది మసకగా, గరుకుగా కనబడుతుంది. అందువల్ల రంగు తప్పదు.

ఈ రంగుల పుట్టుక మన వారికి నచ్చే కథ. ప్రపంచంలో ప్రతి ఆసుపత్రిలోనూ వాడే హెమటాక్సిలిన్ అనే రంగు ఒక చెట్టు చేవలోనుంచి వస్తుంది. మెక్సికోలోని కంపేచే అనే ప్రాంతం దాని పుట్టిల్లు. స్పెయినువారు ఆ దుంగలను ఓడలకెత్తి ఐరోపాకు బట్టల అద్దకానికి తీసికొనిపోయేవారు. ఆ రంగు తనంతట తాను గుడ్డనూ పట్టదు, కణాన్నీ పట్టదు. 1865లో బోమర్ అనే జర్మనీ వైద్యుడు దానికి పటిక కలిపాడు. అప్పుడు అది కణం నడుమ ఉండే కేంద్రకాన్ని గట్టిగా పట్టుకొన్నది.

పటిక! మన శ్రీకాళహస్తి కలంకారీవారు చేసేది ఇదే గదా. గుడ్డను కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానబెట్టి ఆరబెట్టి, ఎరుపు రావలసినచోట పటికనీళ్ళు కలంతో దిద్ది, తరువాత చిరువేరు రంగులో కాస్తే పటిక తగిలినచోటనే ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. నలుపు కావాలంటే ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమి. సూక్ష్మదర్శిని పలక మీద కూడా నల్లని గీతలు కావలసినప్పుడు హెమటాక్సిలిన్‌కు పటిక బదులు ఇనుము కలుపుతారు. కాళహస్తి అద్దకందారూ జర్మనీ వైద్యుడూ ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరి గిన్నెలలోనూ పటిక ఒకటే. రెండో రంగు ఇయోసిన్, గులాబి ఎరుపు. 1870ల నాటి జర్మనీ రంగుల కర్మాగారాల సంతానం. కేంద్రకం నీలం, మిగతా కణం గులాబి. మన బయాప్సీ నివేదికలన్నీ ఈ రెండు రంగుల మధ్య చదివినవే.

రంగు చూచి రసాయనం లెక్కకట్టే విద్యలో మన తెలుగువాడి చేయి కూడా ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టి, మదరాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టనుకు వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. భాస్వరం ఉన్న ద్రవంలో మాలిబ్డినం లవణం కలిపి మరొక మందు వేస్తే నీలం పుడుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతి ఎన్నో దశాబ్దాలు ప్రపంచమంతటా ఆసుపత్రుల బల్లల మీద నడిచింది. ఇప్పుడు మనం చెప్పుకోబోయే ఆర్.ఎన్.ఏ.కు వెన్నెముక చక్కెర, భాస్వరాలతో కట్టినదే గనుక, దాని పరిమాణం కట్టడానికి కూడా భాస్వరం కొలత పనికి వచ్చింది. కాని అందులో ఒక తేడా ఉన్నది. భాస్వరం కొలిచేవాడు పదార్థాన్ని ఆమ్లంలో ఉడికించి నాశనం చేసి కొలుస్తాడు. ఎంత ఉన్నదనేదే అతని ప్రశ్న. మా మేనకోడలి ప్రశ్న వేరు: అది చెక్కుచెదరకుండా ఉన్నదా లేదా?

ఆర్.ఎన్.ఏ. అనే మాటకు తెలుగు పేరు పెట్టవలెనని మాకు పంతం లేదు. పని తెలిస్తే చాలు. కణం కేంద్రకంలో తాతలనాటి దస్తావేజుల పెట్టె ఉంటుంది, దానిని డి.ఎన్.ఏ. అంటారు. ఆ పెట్టెను ఎవరూ బయటికి తీయరు. ఈవేళ ఏ పని చేయవలెనో ఆ పుటను మాత్రం నకలు తీసి బయటికి పంపుతారు. ఆ నకలు చీటీ ఆర్.ఎన్.ఏ. మంచి కణంలోనూ చెడ్డ కణంలోనూ దస్తావేజు దాదాపు ఒకటే కావచ్చు. చీటీలు మాత్రం వేరు. రోగం ఏమి చేస్తున్నదో తెలియవలెనంటే చీటీలు చదవవలె. చీటీ పని ముగియగానే చింపివేయడం కణానికి అలవాటు, లేకపోతే నిన్నటి ఉత్తరువూ ఈనాటి ఉత్తరువూ కలగలిసిపోతవి. అందుకే చీటీ చింపే ఎంజైములు ప్రతి కణంలోనూ సిద్ధంగా ఉంటవి. వాటిని రైబోన్యూక్లియేజులు అంటారు.

వీటి మొండితనం చెప్పతరం కాదు. ఆవు క్లోమంలో దొరికే అటువంటి ఎంజైమును నీళ్ళలో మరగకాచినా చావదు. చల్లారగానే మళ్ళీ పనిలోకి దిగుతుంది. 124 అమినో ఆమ్లాల ఆ చిన్న గొలుసును రసాయనాలతో పూర్తిగా విప్పివేసి, రసాయనాలు తీసివేస్తే అది తనంతట తానే మునుపటివలె మడతపడి పనిచేస్తుందని ఆన్‌ఫిన్సెన్ చూపాడు. అదీ బెథెస్డాలోనే. ఆ ఎంజైము మీద చేసిన పనికి అతనికీ, స్టైన్, మూర్ అనే మరిద్దరికీ 1972లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకరికి బహుమతి తెచ్చిన ఆ మొండితనమే మరొకరికి ఆరు నెలల పని పోగొడుతున్నది. ఇటువంటి ఎంజైము మన చేతి చర్మం మీద కూడా ఉంటుంది, గాలిలో దుమ్ము మీదా ఉంటుంది. అందుచేత ఆ పరిశోధనశాలల్లో మా అమ్మగారి మడికంటె గట్టి మడి నడుస్తుందట: చేతికి తొడుగులు, ఆ తొడుగుతో ముక్కు గోక్కుంటే మళ్ళీ కొత్త తొడుగు, గాజుసామాను గంటలకొద్దీ కొలిమిలో కాల్చడం, బల్ల తుడవడానికి వేరే మందు. "మామయ్యా, అమ్మమ్మ ఉంటే మా లాబులో మొదటి రోజే ఉద్యోగం ఇచ్చేవారు" అన్నది పిల్ల. ఆ మాట మా అమ్మగారు వినివుంటే సంతోషించేవారే.

అయితే ముక్కలోనే ఉన్న ఎంజైమును కడిగివేయలేము గదా? దాన్ని నిద్రపుచ్చవలె. ముక్క తీసిన వెంటనే ద్రవ నైట్రొజనులో, సున్నాకు 196 డిగ్రీల కింద, గడ్డకట్టిస్తారు. మైనస్ 80 పెట్టెలో దాస్తారు. చలిలో ఎంజైము నిద్రపోతుంది. సారాయిలో కూడా అది కదలలేదు, ఎందుకంటే దానికి నీరు కావాలి. నీరు తగిలినదా, లేచి కూర్చుంటుంది. ఆవకాయలో ఉప్పూ నూనే కాపలా ఉన్నంతకాలం బూజుకు చోటు లేదు. తడి గరిటె పెట్టిన మరునాటికి పైన తెల్లని పొర తేలుతుంది. ఇదీ అంతే.

ఇప్పుడు రంగు పద్ధతికి వద్దాము. హెమటాక్సిలిన్ నీళ్ళలో కలిపే రంగు. ఆసుపత్రి పద్ధతిలో పలకను అందులో కొన్ని నిమిషాలు ముంచి, ఎర్రగా ఉన్న రంగు నీలంగా తిరగడానికి కుళాయి నీటి కింద కొన్ని నిమిషాలు పట్టి, ఇయోసిన్‌లో ముంచి, మళ్ళీ కడుగుతారు. రోగనిర్ణయానికి అది మహా బాగున్న పద్ధతి. అక్కడ కావలసింది ఆకారమే గాని చీటీ కాదు. చలిలోనుంచి అప్పుడే తీసిన పచ్చి ముక్కకు అదే పద్ధతి చేస్తే, నీళ్ళలో గడిచిన ప్రతి నిమిషమూ ఎంజైముకు పండుగే. రంగు మాత్రం అద్భుతంగా వస్తుంది. కణాలు చక్కగా కనబడుతవి, లేజరు సరిగ్గా కోస్తుంది, గిన్నెలో సరిగ్గా కావలసిన కణాలే పడుతవి, ఆ కణాలలో చదవడానికి మాత్రం ఏమీ మిగలదు. మా పిల్లకు జరిగింది సరిగ్గా ఇదే. ఎవరో పెద్దవారు ఏనాడో రాసి గోడకు అంటించిన ఆసుపత్రి పద్ధతి కాగితాన్ని చూచి, అక్షరం తప్పకుండా, శ్రద్ధగా చేసింది. శ్రద్ధ తక్కువైతే నష్టం కొంత తక్కువయ్యేదేమో. ఆ కాగితం ఏ పనికి రాసినదో అడగవలెనని ఎవరికీ తోచలేదు. ఆ పరిశోధనశాల పేరు చెప్పడం మా పని కాదు. అట్లాంటి కాగితాలు ప్రతి కార్యాలయం గోడ మీదా ఉంటవి.

మరి ఏ రంగు మంచిది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఒకే గొంతుతో జవాబు చెప్పరు. ఎక్కువమంది మొగ్గు క్రెసిల్ వయొలెట్ అనే ఊదారంగు వైపు ఉన్నది. కారణం సులభం: అది సారాయిలో కరుగుతుంది, కాబట్టి నీటి అవసరం చాలావరకు తప్పుతుంది, ఒక్క అర నిమిషంలో పని ముగుస్తుంది. ఇందులో ఒక వింత కూడా ఉన్నది. నాడీకణాలలో ఆ రంగు పట్టుకొనేది ముఖ్యంగా ఆర్.ఎన్.ఏ. దట్టంగా ఉండే చోటులనే. అంటే మనం కాపాడదలచినదే రంగు పట్టి కనబడుతున్నదన్నమాట. టాలుయిడిన్ బ్లూ, మిథైల్ గ్రీన్ వంటివి కూడా వాడుకలో ఉన్నవి. కొందరు హెమటాక్సిలిన్‌నే, సమయం సెకండ్లకు తగ్గించి, ఎంజైమును అణచే మందు కలిపి వాడి, ఆర్.ఎన్.ఏ. చెడలేదని చూపారు. ఒక రకం కణజాలంలో నెగ్గిన పద్ధతి మరొక రకంలో ఓడుతుంది కూడా. క్లోమంలో ఎంజైము కుండలకొద్దీ ఉంటుంది, మెదడులో అంత లేదు. కాబట్టి మా పిల్ల మాట మాకు నచ్చింది: "రంగు ఏదన్నది సగమే మామయ్యా, నీళ్ళలో ఎంతసేపు ఉంచామన్నది మిగతా సగం." ప్రతిరక్షకాలు పట్టించి ఫలానా కణాన్నే వెలిగించే పద్ధతి మరొకటి ఉన్నది. గుర్తింపుకు అది అన్నిటికంటె నమ్మకమైనది. కాని గంటల తరబడి నీళ్ళలో ఉంచవలసి రావడంవల్ల చీటీలకు అన్నిటికంటె ప్రమాదమైనదీ అదే. దానికీ తొందర పద్ధతులు వచ్చినవి. మరీ జాగ్రత్తపరులు ఒక పొరకు రంగు వేసి దానిని పటంలాగా పక్కన పెట్టుకొని, దాని పక్కపొరను రంగు లేకుండానే కోస్తారు.

రంగు చేసే మరొక అపకారం కూడా ఉన్నది. ఎంజైము కొరకకపోయినా, రంగు తానే ఆర్.ఎన్.ఏ.ను అంటుకొని కూర్చుంటుంది. తరువాత చీటీని చదివించే ఎంజైములకు ఆ రంగు అడ్డం. బాకీదారు గడపలో కూర్చున్నట్లు.

ఎంత కొంచెం పదార్థంతో ఈ పని జరుగుతున్నదో చెబితే నమ్మడం కష్టం. ఒక కణంలో ఉండే మొత్తం ఆర్.ఎన్.ఏ. 10నుంచి 30 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక పికోగ్రాము. అందులోనూ నకలు చీటీలు నూటికి 1నుంచి 5 పాళ్ళు మాత్రమే. మిగతాది ఎక్కువభాగం కణంలోని పనిముట్లలో భాగం. రోజంతా కూర్చుని వెయ్యి కణాలు ఏరినా చేతికి వచ్చేది అంతే. ఇందులో సగం పోయినా అడిగి మళ్ళీ తెచ్చుకొనే దుకాణం లేదు.

పోయిందో లేదో తెలియడానికి ఒక కొలత ఉన్నది. ఆర్.ఎన్.ఏ.ను విద్యుత్తు సాయంతో సన్నని గొట్టంలో పరుగెత్తిస్తారు. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. చెడని దానిలో రెండు నిటారు శిఖరాలు కనబడుతవి. చెడినదానిలో ఆ శిఖరాలు కూలి కింద మెరకగా పరచుకొంటవి. దాన్నిబట్టి 1నుంచి 10 వరకు మార్కు వేసే పద్ధతి 2006లో ప్రకటితమైంది. 10 అంటే నిక్షేపం. 7 దాటితే చాలా పనులకు చాలు. 2, 3 అంటే చిత్తుకాగితం. మా మేనకోడలికి వరసగా రెండ్లు, మూడ్లే వచ్చినవి.

ఆమె చెప్పిన మరొక మాట మన ప్రాంతంవారు గుర్తుంచుకోదగినది. సారాయిలో ఆరబెట్టిన పొర లేజరు కింద ఉన్నంతసేపూ గాలిలో తెరచి ఉండవలె. సముద్రగాలి తగిలే పట్నంలో ఆ గాలిలో నీరుంటుంది. వానాకాలంలో డబ్బా మూత వేయడం మరచిన అప్పడాలు సాయంత్రానికి మెత్తబడినట్లు, పొర కూడా తేమ పీల్చుకొంటుంది. తేమ పీల్చినదా, ఒకవైపు ప్లాస్టిక్ పొరకు కణం అతుక్కోదు, మరొకవైపు నిద్రపోతున్న ఎంజైము లేస్తుంది. చలిదేశాల పుస్తకాలలో దీనిని ఒక వాక్యంలో చెప్పి వదిలివేస్తారు. ఇక్కడ తేమ తీసే యంత్రం లేనిదే ఆ గదిలో అడుగు పెట్టరాదు.

ఇంతవరకూ మా అక్కయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఆవపిండి చేతులతోనే వింటున్నది. నాలుగేళ్ళ కిందట ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషనుకు ముందటి అమావాస్యనాడు హృత్తాపనాశిని పుష్కరిణిలో బెల్లం కలిపి, వైద్య వీరరాఘవస్వామికి మొక్కుకొని వచ్చింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో గడ్డ తీశారు. తీసేముందు ఒక చిన్న డాక్టరమ్మ కాగితం తెచ్చి, తీసిన దానిలో కొంత పరిశోధనకు ఇస్తారా అని అడిగింది. మేము తటపటాయించాము. అక్కయ్యే, "దానితో నాకింక పనేముంది తల్లీ, ఎవరికైనా పనికి వస్తే తీసుకో" అని తెలుగులో సంతకం చేసింది. అక్కయ్య కులాసాగా ఉన్నది. ఈ ఏడు ఆవకాయ కూడా పెట్టింది.

ఇప్పుడు పిల్లవైపు చూచి, "అయితే నా ముక్క కూడా ఇట్లాగే నీళ్ళలో పోయిందేమోనే?" అన్నది.

పిల్ల జవాబు చెప్పలేకపోయింది. మేమూ చెప్పలేకపోయాము. ఆమె లాబులో పోయిన ముక్కలు కూడా ఇట్లాంటి అక్కయ్యలవే. ఒక్కొక్క గాజుపలక వెనక ఒక తెలుగు సంతకమో, అరవ సంతకమో, వేలిముద్రో ఉన్నది. ఆపరేషను మళ్ళీ జరగదు, ఆ గడ్డ మళ్ళీ దొరకదు, దొరకకూడదు కూడా. ఆరు నెలల శ్రమ పోయిందన్న బాధ అప్పటివరకు పిల్లది. ఆ ప్రశ్నతో అది వేరే బాధ అయింది. రాత్రి అన్నాలవేళ కూడా ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

మన పాఠకులకు పనికివచ్చే నాలుగు ముక్కలు ఇక్కడే చెబుతాము. పరిశోధనకు కణజాలం ఇవ్వడమా మానడమా మీ ఇష్టం. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం సాధారణంగా మీ సమ్మతి కావలె, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసికొనవచ్చు కూడా. ఇచ్చేటప్పుడు, దీనిని గడ్డకట్టించి దాస్తారా, ఎక్కడ దాస్తారు, ఎవరు చేస్తారు అని అడగండి. అడిగితే ఎవరూ కోపగించరు; కోపగిస్తే సంతకం పెట్టడానికి తొందర లేదు.

చిన్న ఆసుపత్రులలో తీసిన ముక్కను సీసాలో పెట్టి మన చేతికే ఇచ్చి, పరీక్షశాలకు తీసికొనివెళ్ళమనడం మన ఊళ్ళలో మామూలే. ఆ సీసాలో ఉన్నది ఫార్మలినేనా అని అడగండి. ఉప్పునీళ్ళలోనో ఉత్తనీళ్ళలోనో వేసి ఇస్తే బస్సులోనే అది కుళ్ళడం మొదలుపెడుతుంది. ముక్కకు సుమారు పది రెట్లు ఫార్మలిన్ ఉండవలె. ఫార్మలిన్ 1893నుంచి వైద్యుల చేతిలో ఉన్నది. ఆకారాన్ని అది చక్కగా నిలుపుతుంది. ఆర్.ఎన్.ఏ.ను మాత్రం ముక్కలు చేసి, ఒకదానికొకటి ముళ్ళు వేస్తుంది. కాబట్టి గడ్డకట్టించవలసిన భాగాన్ని ఫార్మలిన్‌లో వేయకముందే వేరు చేయవలె. తరువాత అడిగి లాభం లేదు.

రోగనిర్ణయం ముగిసిన తరువాత మైనపు దిమ్మెలో ముక్క మిగిలి ఉంటుంది. మరొక వైద్యుని సలహాకు దానిని అడిగి తెచ్చుకొనవచ్చు. తెచ్చినదానిని చాలామంది స్కూటరు డిక్కీలో పెట్టి ఎండలో మరచిపోతారు. మైనం మెత్తబడుతుంది, లోపలి పదార్థం త్వరగా చెడుతుంది. చల్లని, పొడిగా ఉండే చోట, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచండి. మా అక్కయ్యది ఇనప్పెట్టెలో, మా తాతగారి పొలం కాగితాల పక్కన ఉన్నది. పొలం ఎప్పుడో పోయింది, కాగితాలు ఉన్నవి.

పిల్ల నాలుగోనాడు పొద్దున్నే లోకలులో పట్నం వెళ్ళిపోయింది. వెళ్ళగానే గోడ మీది కాగితం చింపిందట. ఆ పని ఎవరినీ అడగకుండా చేయడం మర్యాద కాదని మేము మందలించాము గాని, లోపల సంతోషించాము. మిగిలివున్న కొద్ది ముక్కలతో మళ్ళీ మొదలుపెట్టింది. తరిగిన పలకను వెంటనే మంచులోకి, అక్కడినుంచి సారాయిలోకి, గడ్డకట్టించేటప్పుడు వేసిన జిగురు నీటిలోనే కరుగుతుంది గనుక ఎంజైమును అణచే మందు కలిపిన నీటిలో ఒక్క మునక, సారాయిలో కలిపిన క్రెసిల్ వయొలెట్ అర నిమిషం, మళ్ళీ 75, 95, 100 పాళ్ళ సారాయి వరసగా, ఆపైన జైలీన్, ఆరగానే లేజరు కిందికి, అర గంటలో ముగింపు. ఏరగా మిగిలిన పొరను గీకి, అందులో ఆర్.ఎన్.ఏ. ఎట్లా ఉన్నదో విడిగా చూడడం కూడా అలవాటు చేసికొన్నది. ఆ పరీక్షే మొదటినుంచీ చేసివుంటే రెండో వారంలోనే తప్పు తెలిసేది.

కిందటి వారం ఫోను చేసింది. కొన్ని పలకలు ఇంకా చెడుతూనే ఉన్నవట. ఒకటి మాత్రం ఎనిమిదికి ఒక్క పిసరు తక్కువగా వచ్చిందట. అక్కయ్య ఫోను లాక్కుని, "ఎన్నింటికే?" అన్నది.

"పదికి పెద్దమ్మా."

"మరి తక్కిన రెండూ ఏమైనవి?"

ఆ రెండూ తన చేతికి రాకముందే పోయినవని పిల్ల చెప్పింది. గడ్డకు రక్తం అందించే నాళాన్ని సర్జను ముడివేసిన క్షణంనుంచీ కణం చీటీలు చింపడం మొదలుపెడుతుందట. ముక్క బయటికి వచ్చి మంచులో పడేదాకా గడిచే ఆ కొద్ది నిమిషాలు ఏ రంగుకూ అందవు. ఇప్పుడు ఆపరేషను గది తలుపు దగ్గర నైట్రొజను డబ్బా పట్టుకొని తానే నిలబడుతున్నదట.